మిషను ఉంది, పని వచ్చు, కత్తెర పెట్టడానికే చెయ్యి రావట్లేదు

ప్రశ్న: అక్కా, నాకు 37 ఏళ్లు. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఇంటర్ దాకా చదివాను. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, పిల్లలిద్దరూ హైస్కూల్లో ఉన్నారు. మూడేళ్ల కింద మా మహిళా సంఘం తరఫున మూడు నెలలు కుట్టు నేర్పిస్తే వెళ్లి నేర్చుకున్నాను. తర్వాత మా ఆయన మోటారు మిషను కొనిచ్చారు. నా జాకెట్లు, పాప ఫ్రాకులు నేనే కుట్టుకుంటాను. బయటివాళ్లవి మాత్రం ఇప్పటిదాకా ఒక్కటీ కుట్టలేదు. దసరాకి మొదలుపెడదామనుకుంటాను, సంక్రాంతికి అనుకుంటాను, పెళ్లిళ్ల సీజన్‌కి అనుకుంటాను. రోజూ రాత్రి యూట్యూబ్‌లో కటింగ్ వీడియోలు చూసి నోట్సు రాసుకుంటాను. షాపుకి పేరు కూడా అనుకుని పెట్టుకున్నాను. ఎవరైనా 'కుట్టి పెడతావా' అంటే 'నాకింకా సరిగ్గా రాదు' అనేస్తాను. పోయినేడు మా యారాలు, అదే తోటికోడలు, పట్టుచీర జాకెట్టు ముక్క ఇచ్చింది. నాలుగు నెలలు బీరువాలో ఉంచి, ఒంట్లో బాగాలేదని చెప్పి, కొయ్యకుండానే తిరిగిచ్చేశాను. అప్పటి నుంచి ఆమె ముందు తలెత్తలేకపోతున్నాను. మా అత్తమ్మ 'బట్టలు మడతపెట్టి పెట్టుకోను మిషను కొన్నట్టుంది' అంటుంది. నాది బద్ధకమా, భయమా? అసలు ఈ పని నాకు వద్దేమో?

జవాబు:

చెల్లెమ్మా, మీది బద్ధకం కాదు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, పిల్లల్ని బడికి పంపి, రాత్రి అందరూ పడుకున్నాక నోటుబుక్కు ముందేసుకుని కొలతలు రాసుకునే మనిషికి బద్ధకం అనే మాట అతకదు. బద్ధకస్తులకి చెయ్యని పని గురించి బెంగ ఉండదు. మీరు మూడేళ్లుగా ఆ బెంగ మోస్తున్నారు. ఆ బరువు, పని చేసి అలిసిపోయిన దానికన్నా ఎక్కువే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఆ బీరువా. ఆ నాలుగు నెలల్లో పిల్లల బట్టల కోసమో, మీ చీర కోసమో మీరు దాన్ని రోజూ తెరిచే ఉంటారు. తెరిచినప్పుడల్లా ఆ కవరు కనిపించి గుండె ఒక్కసారి పట్టేసినట్టయి ఉంటుంది. పట్టుబట్ట. చీరలోంచి వచ్చిన ముక్క, అదే రంగు, అదే జరీ మళ్లీ ఎక్కడా దొరకదు. కొంచెం అటూ ఇటూ అయితే ఇంట్లో అందరి ముందూ మాట పడాలి. 'ఇవాళ వద్దులే, రేపు తీరిగ్గా కూర్చుంటా' అనుకుని తలుపు మూసేసి ఉంటారు. మూసిన మరుక్షణం ప్రాణం తేలికపడి ఉంటుంది. మిమ్మల్ని నాలుగు నెలలు ఆపింది ఆ తేలికదనమే.

కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో టిమోతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ వాయిదాల అలవాటు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయన, ఫ్యూషా సిరువా అనే పరిశోధకురాలు కలిసి 2013లో రాసిన వ్యాసంలో చెప్పింది మీ బీరువాకి సరిగ్గా సరిపోతుంది. మనిషి వాయిదా వేసేది పనిని చూసి కాదట, ఆ పని తలుచుకోగానే లోపల పుట్టే బాధని చూసి. పని పక్కన పెట్టగానే ఆ బాధ పోతుంది. ఊరట వెంటనే అందుతుంది, నష్టం ఎప్పుడో తర్వాత తెలుస్తుంది. ఊరటనిచ్చిన పనిని మనసు మళ్లీ మళ్లీ చేయిస్తుంది కాబట్టి, ప్రతిసారీ తలుపు మూయడం ఇంకొంచెం సులువవుతుంది, ముక్క బయటికి తీయడం ఇంకొంచెం కష్టమవుతుంది. టైంటేబుల్ వేసుకో, పొద్దున్నే లే, గట్టిగా అనుకో అని ఎవరెంత చెప్పినా మీకు పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే. మీ దగ్గర సమయం తక్కువై ఆగలేదు. కాబట్టి భయం తక్కువ పుట్టే పనితో మొదలుపెట్టాలి. నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే.

వీడియోల సంగతి ముందు తేల్చేద్దాం. అవి చూడ్డం తప్పని నేననను. శిక్షణలో చెప్పని చాలా సంగతులు వాటిలో ఉంటాయి. కానీ మూడేళ్లు చూసినా మీకు ధైర్యం రాలేదంటే ఆ మార్గంలో వచ్చేది కాదన్నమాట. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో, 'ఈ పని నేను చెయ్యగలను' అనే నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో వివరించారు. అన్నిటికన్నా బలమైనది స్వయంగా చేసి నెగ్గిన అనుభవం. ఇంకొకరు చేస్తుంటే చూడ్డం దానికన్నా తక్కువ పనిచేస్తుంది. పక్కవాళ్లు 'నీకు వచ్చు, చెయ్యి' అనడం కూడా అంతే. మీవారు ఎన్నిసార్లు ధైర్యం చెప్పినా మీ చెయ్యి కత్తెర దాకా రాకపోవడం ఆయన మాట మీద గౌరవం లేక కాదు. మాటకి అంత శక్తి లేదు. పైగా వీడియోలో కోసేది ఎవరి ఒంటికీ కాని కొలత. 36 ఛాతీ, 14 పొడవు అని రాసి కోసేస్తారు. మీ పక్కింటావిడకి ఒక భుజం కొంచెం కిందికి ఉంటుంది, ఎదురింటావిడకి బాలింత ఒళ్లు ఇంకా తగ్గలేదు. అది ఏ వీడియోలోనూ ఉండదు. టేపు పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డప్పుడే తెలుస్తుంది.

ఇక మీ సందేహం. అది పూర్తిగా అబద్ధమని నేననను. మీకు కొన్ని రావు కూడా. మూడు నెలల శిక్షణతో అన్నీ వచ్చేయవు. చిక్కేమిటంటే మీరు 'సరిగ్గా రాదు' అని మొత్తాన్ని ఒక్క మూట కట్టేశారు. మొత్తంగా రాని పనికి మందు లేదు. ఏది రాదో తెలిస్తే దానికి ఉంటుంది. అందుకని రేపు మధ్యాహ్నం ఒక పని చెయ్యండి. మీరు ఈమధ్య కుట్టుకున్న జాకెట్టు తొడుక్కుని, తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడండి. రెండు చేతులూ పైకెత్తండి. జాకెట్టు మొత్తం పైకి లేచిపోతోందా? చాలామంది ఇది చూసి చంక బిగుతైందనుకుని చంక రౌండు ఇంకా కిందికి కోస్తారు. కోసిన కొద్దీ ఇంకా ఎక్కువ లేస్తుంది. చంక కిందికి దిగేకొద్దీ, చెయ్యి ఎత్తినప్పుడు అది పక్క కుట్టుని తనతో పాటు లాక్కుపోతుంది. అక్కడ కొయ్యడం కాదు, తర్వాతి జాకెట్టుకి పావంగుళం పైకి తేవాలి. భుజం మీద నుంచి జారుతోందా? వెనక మెడ వెడల్పు చూడండి. డాటు, అంటే ఛాతీ దగ్గర మడిచి వేసే కుట్టు, దాని చివర బుడిపెలా లేస్తోందా? కుట్టు మొన దాకా సన్నగా దిగకుండా మధ్యలోనే ఆగిందన్నమాట. డాటు విప్పి మళ్లీ వేస్తే పోతుంది.

ఇలా చూసినవి నోటుబుక్కులో రాయండి. నా అంచనా, మూడు నాలుగు కన్నా ఎక్కువ ఉండవు. 'నాకు రాదు' అన్న చోట 'చంక పావంగుళం, డాటు మొన' అని ఉంటుంది. ఆ కాగితం మీ ఊళ్లో కుట్టు బాగా వచ్చిన పెద్దావిడ ఎవరికైనా చూపించి అడగండి. 'కుట్టు నేర్పండి' అంటే ఎవరికైనా బరువే. 'చంక దగ్గర ఇలా వస్తోంది, ఎందుకు?' అంటే నిలబడే చెప్తారు. పని తెలిసిన మనిషికి అలా అడిగించుకోవడం ఇష్టంగా కూడా ఉంటుంది.

ఇప్పుడు దేనితో మొదలుపెట్టాలో చూద్దాం. జాకెట్టుతో వద్దు. పట్టు జాకెట్టుతో అసలే వద్దు. మీ యారాలు ప్రేమతోనే ఇచ్చి ఉంటుంది కానీ, బయటివాళ్ల పని ఒక్కటీ చెయ్యని మనిషి చేతికి అది చాలా పెద్ద మెట్టు. మీరు దాని ముందు ఆగిపోవడంలో వింత లేదు. కుట్టులో పనులు రెండు రకాలు. కొన్ని తప్పు పోతే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. కొన్నిటిలో కత్తెర పడ్డాక వెనక్కి రాదు. మీ భయమంతా రెండో రకం మీద ఉంది. ఆ భయం న్యాయమైనదే. అందుకే మొదటి రకం పనులు తీసుకోండి.

అన్నిటికన్నా ముందు చీర ఫాల్. ప్రతి ఇంట్లోనూ ఫాల్ వెయ్యని చీరలు రెండు మూడు ఉంటాయి. ఇందులో కత్తెర పని దాదాపు లేదు. కుట్టు వంకర పోతే విప్పేస్తారు, చీరకేమీ కాదు. అలాగని చులకన పని కూడా కాదు, చేసే పద్ధతిలో తేడా అంతా ఉంది. ఫాల్ బట్టని ముందు నీళ్లలో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే చీరకి పెట్టండి. అలా చెయ్యకపోతే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి చీర అంచుని ముడతలు ముడతలుగా లాగేస్తుంది. కింది అంచు మిషను మీద వేసినా, పైఅంచు చేతికుట్టుతో, చీర పైవైపు దారం చుక్క కూడా కనపడకుండా ఒక్కొక్క పోగు ఎత్తి కుట్టండి. దారం రంగు పగటి వెలుతురులో కలుపుకోండి, ట్యూబులైటు కింద మోసపోతాం. ఒకావిడ చీర ఉతికిన తర్వాత కూడా అంచు నిలిచి ఉంటే, ఆ మాట ఆమే పదిమందికి చెప్తుంది.

ఫాల్స్ తర్వాత లంగాలు, నైటీలు, లూజు చేసేవీ బిగించేవీ. లూజు చేసే పని గురించి ఒక ముక్క చెప్పాలి. ఇంకొకరు కుట్టిన జాకెట్టు విప్పితే అది మీకు పాఠం. వాళ్లు ఎంత మార్జిన్ వదిలారు, చేతిని ఎక్కడ నుంచి ఎక్కించారు, హుక్స్ పట్టీ లోపల ఏం పెట్టారు, అన్నీ కళ్ల ముందు ఉంటాయి. డబ్బులిచ్చి మరీ నేర్పినట్టుంటుంది. మూడేళ్ల వీడియోల్లో దొరకనిది మూడు జాకెట్లు విప్పితే దొరకొచ్చు.

ఆ తర్వాతే జాకెట్టు. అది కూడా రోజువారీ వేసుకునే సాదా టూ బై టూ నూలు బట్టది, లైనింగ్ లేనిది. మొదటి ఒకటి రెండిటికి బట్ట మీరే కొనండి. సాదా ముక్క పెద్ద ఖరీదుండదు, నాలుగిళ్ల ఫాల్స్ డబ్బుల్లో వచ్చేస్తుంది. బట్ట మీదైతే కత్తెర పెట్టేటప్పుడు చెయ్యి వణకదు. పాడైతే పోయేది మీ ముక్క, ఆమెకి మీరు బాకీ పడరు. ముందు పాత చీర గుడ్డ మీద కోసి, దూరం దూరంగా చేతికుట్టు వేసి, ఆమెకి తొడిగి చూసి, సరిచేసుకుని, దాన్నే విప్పి నమూనాగా పెట్టుకుని అసలు బట్ట కోయండి. రెట్టింపు పని అనిపిస్తుంది. మొదటి నాలుగైదుకి రెట్టింపే. ఆ తర్వాత అవసరముండదు. పక్క కుట్ల దగ్గర ఒకటిన్నర అంగుళం లోపల వదిలి, బిగుతైతే విప్పుకోవడానికి వీలుగా రెండు మూడు వరసలు కుట్టండి. మంచి టైలర్లంతా అలాగే వదులుతారు. తప్పు జరగదన్న ధీమాతో కాదు, జరిగితే సర్దుకునే చోటు ఉండాలని.

కొలత కోసం ఆది జాకెట్టు ఇచ్చినవాళ్లని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: 'ఇది వేసుకుంటే ఎక్కడ ఇబ్బందిగా ఉంటుంది?' ఆది అంటే సరిగ్గా కుదిరినదని మనం అనుకుంటాం. చాలాసార్లు అది ఇంట్లో ఉన్నవాటిలో కాస్త నయమైనది మాత్రమే. కొన్ని ఉతికి ఉతికి సాగి ఉంటాయి. ఆ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు ఆమె ముందే రాసుకుంటే, మీ పని మీద ఆమెకి నమ్మకం అక్కడే మొదలవుతుంది. ఆమె ఒంటి గురించి మీ అంచనా కూడా తప్పిపోకుండా ఉంటుంది.

డబ్బులు తీసుకోండి. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను. 'నేర్చుకుంటున్నాను కదా, ఊరికే కుట్టిపెడతాను' అని మీకు అనిపిస్తుంది. ఊరికే కుట్టినదానికి ఎవరూ బాగోలేదని చెప్పరు, మొహమాటపడి 'బాగుంది' అంటారు. ఆ 'బాగుంది'ని మీరూ నమ్మరు. సందేహం ఎక్కడిదక్కడే ఉంటుంది. మీ వీధిలో రేటు ఎంతో మీకు తెలుసు, దానికన్నా కొంచెం తగ్గించి, 'కొత్తగా మొదలుపెట్టాను, ఏదైనా తేడా ఉంటే చెప్పండి, సరిచేసిస్తాను' అని ముందే చెప్పండి. డబ్బిచ్చిన మనిషి చెప్పే తప్పు నిజమైన తప్పు. డబ్బిచ్చి మళ్లీ వచ్చిన మనిషి మెచ్చుకోలు నిజమైన మెచ్చుకోలు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? మీరెప్పుడూ దసరా, సంక్రాంతి, పెళ్లిళ్లు అని అనుకుంటున్నారు. అవి కొత్తవాళ్లు మొదలుపెట్టే రోజులు కావు. బతుకమ్మ ముందు పదిరోజులు ఏ టైలరమ్మ ఇంటికైనా వెళ్లి చూడండి, అర్ధరాత్రి దాకా మిషను ఆగదు, 'రేపే కావాలి' అనేవాళ్లు గుమ్మంలోనే నిలబడి ఉంటారు. చెయ్యి తిరిగినవాళ్లకే తలనొప్పి అది. మీ ఉత్తరం అందేసరికి ఆషాఢం మొదలైంది. ముహూర్తాలుండవు, పెళ్లి జాకెట్లు ఉండవు, ఎవరికీ తొందర లేదు. ఈ నెలంతా ఫాల్స్, లంగాలు కుట్టండి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి చీరలు బయటికి తీసేసరికి, మీరు ఫాల్ బాగా వేస్తారని నాలుగిళ్లలో తెలిసి ఉంటుంది. అప్పుడు సాదా జాకెట్లకి రావచ్చు. 'ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదు' అని మీ అత్తమ్మ అంటే ఆమె మాట కాదనకండి. షాపు మొదలుపెట్టడం లేదు, ఎదురింటావిడ చీరకి ఫాల్ వేస్తున్నానని చెప్పండి. బోర్డు, పేరు, ప్రారంభం అన్నీ తర్వాత మంచిరోజు చూసి ఆమె చేతులతోనే పెట్టించండి.

రోజులో ఎప్పుడు అన్నది కూడా ఇవాళే తేల్చుకోవాలి. పీటర్ గొల్విట్జర్ అనే మనస్తత్వవేత్త, తన సహపరిశోధకురాలితో కలిసి 1997లో వెలువరించిన ఒక పరిశోధన ఉంది. కొందరు విద్యార్థులకి క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎలా గడిచిందో రెండు రోజుల్లో రాసి పంపమన్నారు. సగం మందిని మాత్రం, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసిమ్మన్నారు. అలా రాసిచ్చినవాళ్లలో ఎక్కువమంది పంపారు, మిగతావాళ్లలో మూడోవంతు మందే పంపారు. చెయ్యాలనే కోరిక ఇద్దరికీ ఉంది. చోటూ సమయమూ ముందే తేలిపోయినవాళ్లకి ఆ క్షణంలో మళ్లీ మనసుతో వాదన పెట్టుకునే పని లేకపోయింది. మీకు మధ్యాహ్నం భోజనాలై గిన్నెలు సర్దాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు రెండు గంటలు దొరకొచ్చు. 'ఆఖరి గిన్నె బోర్లించగానే మిషను మీది గుడ్డ తీస్తాను' అని నోటుబుక్కులో రాసుకోండి. 'రోజూ రెండు గంటలు కుడతాను' అని రాయకండి, గుడ్డ తియ్యడం వరకే రాయండి. ముందురోజు రాత్రి, వీడియో చూసే సమయంలో, బాబిన్‌కి దారం చుట్టి, సూదిలోకి ఎక్కించి పెట్టుకోండి. ఫోను వంటగదిలో ఉండనివ్వండి. లేచేటప్పుడు కుట్టు మొత్తం పూర్తి చెయ్యకుండా ఒక జానెడు వదిలి లేవండి, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించే పని ఉండదు.

ఈ మిషను మీద మడతపెట్టిన బట్టల సంగతి. అత్తమ్మ మాట గుచ్చుకుంటుంది, కాదనను. కానీ ఆమెకి ఎదురు చెప్పి గెలిచే అవసరం మీకు లేదు. ఆ బట్టలకి వేరే చోటు చూడండి, చాలు. మీవారితో మాత్రం ఒక మాట సూటిగా మాట్లాడాలి. 'ధైర్యం చెప్పొద్దు, సాయంత్రం టిఫిన్ సంగతి వారంలో మూడు రోజులు మీరు చూసుకోండి' అనండి. మీకు మిషను కొనిచ్చిన మనిషి కాదనరు. ఆదరణ మాటల్లో కన్నా ఆ మూడు సాయంత్రాల్లో ఎక్కువ పనికొస్తుంది.

యారాలి దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన వాక్యం 'తలెత్తలేకపోతున్నాను' అన్నది. ఆ సిగ్గు పోకుండా కొత్త పని ముందుకు సాగడం కష్టం. కార్లటన్ విశ్వవిద్యాలయంలోనే మైకేల్ వోల్, పిచిల్, షానన్ బెనెట్ కలిసి 2010లో ఒక అధ్యయనం వెలువరించారు. మొదటి పరీక్షకి చదువు వాయిదా వేసిన విద్యార్థుల్లో, తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. మనం అనుకునేదానికి ఇది తిరగబడ్డట్టుంటుంది. తిట్టుకుంటేనే బుద్ధొస్తుందని మనకి చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. తిట్టుకున్న కొద్దీ ఆ పని తలుచుకోగానే పుట్టే బాధ పెరుగుతుంది, బాధ పెరిగితే మళ్లీ తలుపు మూస్తాం.

కాబట్టి ఆమె ఇంటికి వెళ్లండి. ఫోన్లో వద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు చూసి, 'అక్కా, అప్పుడు ఒంట్లో బాగాలేదన్నది నిజం కాదు. నీ పట్టుముక్క పాడుచేస్తానేమోనని భయమేసింది, చెప్పడానికి మొహం చెల్లలేదు' అనండి. అంతకన్నా వివరణ అక్కర్లేదు, ఏడవక్కర్లేదు. ఆ వెంటనే, 'నీ చీరలకి ఫాల్స్ వెయ్యాల్సినవుంటే ఇవ్వు' అని అడగండి. ఆమె ముందే ఊహించి ఉండొచ్చు కూడా. నాలుగు నెలలు ముక్క ఊరికే ఉంటే ఆడవాళ్లకి ఆ మాత్రం అర్థం కాదా? బహుశా మీరు ఎప్పుడు చెప్తారా అని చూస్తోందేమో. ఒకవేళ ఆమె ముభావంగా ఉంటే ఉండనివ్వండి. మీరు నిజం చెప్పేశారు, ఇక ఆమె కనపడ్డప్పుడు తల దించుకోవాల్సిన పని లేదు.

నిజంగానే ఎవరి బట్టో పాడైతే? ఎప్పుడో ఒకప్పుడు అవుతుంది. ఏ టైలర్‌ని అడిగినా అలాంటి కథ ఒకటి చెప్తారు. పాడైన రోజే వెళ్లి చెప్పండి, దాచొద్దు. అదే రకం బట్ట కొనిచ్చి ఊరికే కుట్టివ్వండి. అందుకే పట్టు, డిజైనర్ ముక్కలు ఇప్పుడే తీసుకోవద్దని చెప్పేది. మీరు భర్తీ చెయ్యగలిగిన బట్టనే ఒప్పుకోవాలన్న నియమం పెట్టుకుంటే మీ భయానికి హద్దు ఏర్పడుతుంది.

పని కొంచెం నిలదొక్కుకున్నాక అడగాల్సిన సంగతి ఒకటుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, దర్జీ పని అందులో ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయల భత్యం, పనిముట్లకి 15,000 రూపాయల వరకు ఈ-వోచరు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా అప్పు దీనిలో ఉన్నాయి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకి వర్తించదు, ఆ పని సొంతంగా చేస్తూ ఉన్నవాళ్లకే ఇస్తారు. ఇప్పుడు దరఖాస్తులు ఎలా తీసుకుంటున్నారో మీ దగ్గరి కామన్ సర్వీస్ సెంటర్లో కనుక్కోండి. కానీ 'అది వచ్చాక మొదలుపెడతా' అని మాత్రం అనుకోవద్దు. మీకు కావలసిన మిషను మీ ఇంట్లోనే ఉంది.

ఇంకొకటి, మీరు రాయలేదు కానీ అడగడం నా బాధ్యత. కుట్టు ఒక్కటే కాకుండా ఏ పని మీదా ఇష్టం లేకుండా పోయిందా? నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం వారాల తరబడి ఉన్నాయా? అలా ఉంటే అది వేరే సంగతి, దానికి డాక్టరు సాయం కావాలి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

చివరగా, 'ఈ పని నాకు వద్దేమో' అన్నారు. కావచ్చు. అందరికీ బయటివాళ్ల కోసం కుట్టడం నచ్చాలని లేదు. ఇంట్లోవాళ్లకి కుట్టడంలో ఉన్న సంతోషం, కొలతల దగ్గరా డబ్బుల దగ్గరా మాటలు పడే చోట ఉండకపోవచ్చు. కానీ ఆ సంగతి ఇప్పుడు మీకు తెలిసే వీల్లేదు, ఎందుకంటే మీకు ఇప్పటిదాకా తెలిసింది చెయ్యకపోవడం ఎలా ఉంటుందో మాత్రమే. ఆషాఢం, శ్రావణం ఈ రెండు నెలలు బయటివాళ్లకి కుట్టండి. ఫాల్స్, లంగాలు, కనీసం రెండు సాదా జాకెట్లు, అన్నీ డబ్బులు తీసుకుని. భాద్రపదంలో ఒకరోజు కూర్చుని ఆలోచించుకోండి. టేపు మెళ్లో వేసుకుని ఇంకొకరి ముందు నిలబడ్డం మీకు నచ్చిందా, రెండో జాకెట్టు కొయ్యడానికి మొదటిదానికన్నా ఆత్రంగా కూర్చున్నారా? అయితే బోర్డు రాయించండి. నచ్చలేదా? మీవీ పిల్లలవీ కుట్టుకుంటూ ఉండండి, ఆ మూడు సాయంత్రాలు మాత్రం మీవారిని అలాగే కొనసాగించమనండి. ఇంకో పని చూసుకుందురుగాని.